అవతలి గట్టున మనోళ్ళ రాజధాని

విశాఖ రేవు నుంచి అండమాన్ రాజధానికి, అక్కడి నుంచి ఆ రాజధానికి ముందున్న రాజధానికి ఒక చిన్న ప్రయాణం

కోటబొమ్మాళి సంతలో నిలబడి ‘అండమాన్’ అని ఒక్కసారి అనండి. హనీమూన్ జంటలు, నీలిరంగు నీళ్ళు ఎవరికీ గుర్తుకురావు. తాపీపని గుర్తుకొస్తుంది. సెంట్రింగు కర్రలు, ఐసు పెట్టెల్లో చేపలు, నెలనెలా ఇంటికొచ్చే డబ్బు, చెల్లెలి పెళ్ళికి టిక్కెట్టు దొరక్క రాలేకపోయిన అన్నయ్య గుర్తుకొస్తారు. సంతబొమ్మాళి, టెక్కలి, వజ్రపుకొత్తూరు, సోంపేట వరసలో ఏ ఊళ్ళో అడిగినా ‘మా గుంటడు అండమాను ఎల్లిపోనాడు’ అనే ఇల్లు ఒకటైనా తగులుతుంది. హైదరాబాదు వెళ్ళాడన్నంత మామూలుగా అంటారా మాట. మధ్యలో పన్నెండు వందల కిలోమీటర్ల సముద్రం ఉన్న సంగతి ఆ గొంతులో వినిపించదు.

2011 జనాభా లెక్కల ప్రకారం అండమాన్ నికోబార్ దీవుల జనం 3.80 లక్షలు. అందులో తెలుగు మాతృభాషగా రాయించుకున్నవాళ్ళు నూటికి 13 మంది, అంటే సుమారు యాభై వేలు. బెంగాలీ, హిందీ, తమిళం తరవాత నాలుగో భాష మనదే. గోదావరి యాస అక్కడక్కడ వినిపిస్తుంది గానీ, బజార్లో చెవిన పడే తెలుగు ఎక్కువగా మన శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ తెలుగే.

ఆ దీవుల రాజధాని పోర్ట్ బ్లెయిర్. 2024 సెప్టెంబరు 13న కేంద్రం దానికి శ్రీవిజయపురం అని పేరు మార్చింది. కాగితాల మీద మారింది. ఆటోవాళ్ళకీ ఓడవాళ్ళకీ మనవాళ్ళకీ ఇంకా పోర్ట్ బ్లెయిరే. నేనూ ఎప్పుడేది నోటికొస్తే అదే రాస్తాను.

ఆ ఊరు చూసి వచ్చాక నాకు తేలిందేమిటంటే, అక్కడ ఒకటి కాదు రెండు రాజధానులున్నాయి. దొరలు తమ కోసం కట్టించుకున్నది ఒకటి. అది శిథిలమైంది, టిక్కెట్టు కొనుక్కుని చూడాలి. ఖైదీలు మొదలుపెట్టి కూలీలు పెంచినది రెండోది. అది బతికే ఉంది, పెరుగుతోంది. టూరిస్టు ప్యాకేజీలు మొదటిదాన్నే చూపించి వదిలేస్తాయి.

నెలకొక్క ఓడ

కోటబొమ్మాళి స్టేషన్లో పలాస ప్యాసింజరు ఎక్కితే విశాఖ. విశాఖ రేవులో ఓడ ఎక్కితే పోర్ట్ బ్లెయిర్. చెప్పుకోడానికి రెండే మజిలీలు. కాకపోతే చెన్నై నుంచి, కోల్‌కతా నుంచి నెలకు మూడు నాలుగు ఓడలు బయల్దేరితే, విశాఖ నుంచి బయల్దేరేది నెలకొక్కటే. అది తప్పితే మళ్ళీ నెల ఆగాలి, లేదా చెన్నై పోవాలి. విమానం చార్జీ మేస్త్రీ కూలికి అందేది కాదు, సీజన్లో అయితే మరీను. అందుకే విశాఖ ఓడ రోజున రేవు దగ్గర మన జిల్లా మొత్తం దిగినట్టుంటుంది. ట్రంకు పెట్టెలు, బియ్యం బస్తాలు, ఆవకాయ జాడీలకు చుట్టిన పాత చీరలు, అల్లుడికి పంపే జంతికల డబ్బాలు.

ప్రయాణం యాభై, అరవై గంటలు. కాబిన్లు ఉన్నాయి, డీలక్సు కూడా ఉంది. కానీ కబుర్లన్నీ కింద బంకు క్లాసులోనే. రైలు స్లీపరు పెట్టెను నాలుగింతలు వెడల్పు చేసి కిటికీలు తీసేస్తే అదే బంకు క్లాసు. మొదటి పూట అందరూ హుషారు. తీరం కనుమరుగయ్యాక సగం మంది పడక. సముద్రం అలవాటున్నవాళ్ళు మాత్రం చతుర్ముఖ పారాయణానికి కూర్చుంటారు. ఈ దారిన తిరిగే ఓడల్లో ‘స్వరాజ్ ద్వీప్’ విశాఖ హిందుస్థాన్ షిప్‌యార్డులో కట్టినదే. ఓడ కట్టిన ఊరికి ఓడలు తక్కువ రావడం ఒక విడ్డూరం.

పక్క బంకులో ఉన్నది పోలాకి వైపు తాపీ మేస్త్రీ.

“ఏ పనికెలతన్నారు బావూ?”

“పనికి కాదు, చూడ్డానికి.”

“సూడ్డానికా? ఏటుందక్కడ సూడ్డానికి? రోడ్లు మేమే ఏసినాం, మేడలు మేమే కట్టినాం.”

పర్యాటక శాఖ కరపత్రం కన్నా ఇదే మంచి పరిచయం అనుకున్నాను.

మధ్య సముద్రంలో ఫోను మూగబోతుంది. ఒడ్డు చేరాక మాత్రం ఇప్పుడు బాగానే పనిచేస్తుంది. చెన్నై నుంచి దీవులకు సముద్రం అడుగున వేసిన 2,300 కిలోమీటర్ల కేబులు 2020 ఆగస్టు 10న మొదలైంది. అంతకుముందు దీవుల్లో ఇంటర్నెట్టంటే ఉపగ్రహం దయ. వీడియో కాల్‌లో పుట్టిన బిడ్డ ముఖం చూడాలంటే అర్ధరాత్రి దాకా మేలుకునే రోజులవి. ఆ కేబులు గురించి మనం వార్త చదివి పేజీ తిప్పేశాం. మేస్త్రీకి మాత్రం తేదీతో సహా గుర్తుంది.

గాలికి మాత్రం ఏ కేబులూ అక్కర్లేదు. 2014 అక్టోబరు 8న అండమాన్‌లో లాంగ్ ఐలండ్ దగ్గర దీవుల్ని దాటిన హుద్‌హుద్ తుపాను 12న విశాఖను కూల్చింది. అంతకుముందు ఏడాది ఫైలిన్ కూడా ఆ దీవుల మీదుగానే వచ్చి గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది, సోంపేట, కవిటి తోటల్ని కుదిపింది. తుపాను కాలంలో అక్కడి మనవాళ్ళు ఇంటికి ఫోన్ చేసి ‘ఇక్కడ గాలి మొదలైంది, మీరు జాగ్రత్త’ అని చెప్పుకుంటారు. వాతావరణ శాఖ కన్నా ముందు కాకపోయినా, దానికన్నా ఎక్కువ నమ్మకంగా.

దీపస్తంభం, ఇరవై రూపాయల నోటు

పోర్ట్ బ్లెయిర్ దగ్గరపడుతుంటే ఎడమా కుడీ పచ్చటి కొండలు లేస్తాయి. చేతిలో పాత ఎర్రరంగు ఇరవై రూపాయల నోటుంటే వెనక్కి తిప్పండి. కొబ్బరిచెట్ల మధ్య నుంచి సముద్రం, దూరంగా దీపస్తంభం. అది నార్త్ బే. మౌంట్ హారియట్ కొండ మీద నుంచి చూస్తే కనిపించే దృశ్యం. ఆ కొండకి 2021లో మౌంట్ మణిపూర్ అని పేరు పెట్టారు. 1891 యుద్ధం తరవాత మణిపూర్ రాజు కులచంద్రనీ అతని వాళ్ళనీ ఇక్కడికే తెచ్చి ఉంచారు కాబట్టి.

ఆ కొండ కిందనే, హోప్‌టౌన్ రేవులో, 1872 ఫిబ్రవరి 8 సాయంత్రం బ్రిటిష్ ఇండియా వైస్రాయ్ లార్డ్ మేయోని షేర్ అలీ అఫ్రీదీ అనే ఖైదీ కత్తితో పొడిచి చంపాడు. సూర్యాస్తమయం చూసి కొండ దిగి పడవెక్కబోతున్నాడు మేయో. వైస్రాయ్ హోదాలో ఉండగా హత్యకు గురైనవాడు అతనొక్కడే. షేర్ అలీని వైపర్ దీవిలో ఉరితీశారు. మన పాఠ్యపుస్తకాల్లో ఈ సంఘటనకు ఒక వాక్యం కూడా దక్కదు. అతను రాజకీయ ఖైదీ కాదు, సొంత పగతో హత్య చేసి శిక్ష పడి వచ్చినవాడు. అలాంటివాణ్ణి ఏ గదిలో పెట్టాలో చరిత్రకారులకు తోచలేదేమో.

ఓడ హడ్డో రేవులో ఆగుతుంది. దిగగానే ఒక సంగతి గమనించాలి. గడియారం మనదే, సూర్యుడు మనవాడు కాడు. మనకన్నా ఎంతో తూర్పున ఉన్నా ఇక్కడ భారత కాలమానమే. కాబట్టి తెల్లవారుజామున అయిదింటికే వెలుగు, చలికాలంలో సాయంత్రం అయిదుంపావు దాటితే చీకటి. ‘కాస్త ఎండ తగ్గాక బయల్దేరదాం’ అనే మన అలవాటు ఇక్కడ పనికిరాదు. ఎండ తగ్గడమంటే రోజు అయిపోవడమే.

రాస్ దీవి: వేళ్ళు పట్టిన రాజధాని

అబర్డీన్ రేవు నుంచి పడవెక్కితే కొద్ది నిమిషాల్లో రాస్. 2018 డిసెంబరు 30 నుంచి దీని పేరు నేతాజీ సుభాష్ చంద్ర బోస్ ద్వీప్. తీరిగ్గా నడిచినా పూట పట్టని చిన్న దీవి. 1858 నుంచి 1941 దాకా, అంటే ఎనభై ఏళ్ళకు పైగా, దీవులన్నిటికీ రాజధాని ఇదే.

అసలు కథ అంతకు ముందే మొదలైంది. 1789లో లెఫ్టినెంట్ ఆర్చిబాల్డ్ బ్లెయిర్ ఈ రేవులో చాథమ్ దీవి మీద ఒక వలస పెట్టాడు. రోగాలకు తట్టుకోలేక కొన్నేళ్ళలోనే దీవుల్లో ఆ ప్రయత్నం మొత్తం ఎత్తేశారు. తరవాత అరవై ఏళ్ళు అడవి అడవిగానే ఉంది. 1857 తిరుగుబాటును అణచాక ఖైదీలను ఎక్కడ పెట్టాలో తోచక కంపెనీవాళ్ళకు మళ్ళీ ఈ దీవులు గుర్తుకొచ్చాయి. 1858 మార్చి 10న జేమ్స్ పాటిసన్ వాకర్ అనే జైలు డాక్టరు రెండు వందల మంది ఖైదీలతో దిగాడు. అడవి కొట్టింది వాళ్ళు, బావులు తవ్వింది వాళ్ళు, దొరలకు ఇళ్ళు కట్టింది వాళ్ళు. పారిపోయి దొరికినవాళ్ళలో ఎనభైమందికి పైగా ఒకే రోజున వాకర్ ఉరితీయించాడు. డాక్టరే.

ఆ పునాది మీద రాస్‌లో ఏమేం లేచాయో చూడండి. చీఫ్ కమిషనర్ బంగళా, ప్రెస్బిటేరియన్ చర్చి, నాట్యశాల, ఈతకొలను, టెన్నిస్ కోర్టు, బేకరీ, అచ్చాఫీసు, నీళ్ళను శుద్ధిచేసే యంత్రం, కరెంటు. మన కోటబొమ్మాళికి కరెంటు రాకముందే అక్కడ రాత్రిపూట దీపాల కింద డాన్సులు. ‘తూర్పు పారిస్’ అని మురిసిపోయేవారట. ఇంగ్లీషువాళ్ళకు ఏ సముద్రతీరం దొరికినా అది ఏదో ఒక యూరప్ ఊరవుతుంది లెండి.

1941 జూన్ 26న పెద్ద భూకంపం వచ్చింది. అధికారులు మూటాముల్లె సర్దుకుని అవతలి గట్టున పోర్ట్ బ్లెయిర్‌కు మారారు. తొమ్మిది నెలలు తిరక్కుండా, 1942 మార్చి 23న, జపాన్ సైన్యం దిగింది. 1945 దాకా ఉంది. జపానువాళ్ళ బంకర్లు రాస్ గట్టు మీద ఇప్పటికీ చెక్కుచెదరలేదు. దొరల మేడలు మాత్రం చెట్ల పాలయ్యాయి. 1979లో నౌకాదళం చేతికి వచ్చేసరికి మర్రి జాతి చెట్ల వేళ్ళు గోడల్ని పూర్తిగా చుట్టేసుకున్నాయి. ఇప్పుడు చాలా చోట్ల గోడ పడిపోయింది, గోడ ఆకారంలో వేళ్ళే నిలబడ్డాయి. చర్చి కిటికీలోంచి చెట్టు, బేకరీ పొయ్యి దగ్గర చెట్టు. వాటి మధ్య జింకలు మనుషుల చేతుల్లో బిస్కెట్ల కోసం తిరుగుతుంటాయి. జింకలకు బిస్కెట్లు పెట్టొద్దని బోర్డుంది. ఆ బోర్డు పక్కనే పెడుతున్నారు.

ఇక్కడ ఒక సంగతి చాలామంది గైడ్లు దాటేస్తారు. దీవులు ఖాళీగా లేవు. గ్రేట్ అండమానీలు వేల సంఖ్యలో ఉండేవారు. 1859 మే 17న అబర్డీన్ దగ్గర వాళ్ళు విల్లమ్ములతో వలస మీద దాడికి వచ్చారు. దూధ్‌నాథ్ తివారీ అనే పారిపోయిన ఖైదీ, వాళ్ళ మధ్యే బతికినవాడు, ముందే వచ్చి చెప్పేశాడు. తుపాకులు సిద్ధంగా ఉన్నాయి. తరవాత రాస్ దీవిలో వాళ్ళ కోసం ‘అండమాన్ హోమ్’ అని ఒకటి పెట్టారు. మచ్చిక చేసుకోవడమే ఉద్దేశం. అక్కడి నుంచి రోగాలు పాకాయి. 1877లో వచ్చిన తట్టు ఊళ్ళకు ఊళ్ళను తుడిచేసింది. ఇప్పుడు మిగిలినవాళ్ళు యాభై అరవైకి మించరు. డాన్సు హాలు ముందు ఫొటో దిగేవాళ్ళు దిగండి, కానీ ఈ మాట కూడా ఒకసారి తలుచుకోండి.

ఏడు రెక్కల జైలు

సెల్యులార్ జైలు గురించి తెలియని తెలుగువాడు లేడు, సినిమాల పుణ్యాన. 1896లో మొదలై 1906లో పూర్తయింది. ఇటుకలు బర్మా నుంచి వచ్చాయి, కట్టిన చేతులు ఖైదీలవి. మధ్యలో ఒక బురుజు, దాని చుట్టూ సైకిలు చక్రం పుల్లల్లా ఏడు మూడంతస్తుల రెక్కలు. ఏడు వందలకు దగ్గరగా గదులు. ఒక రెక్క ముఖం పక్క రెక్క వీపు వైపు ఉంటుంది. కటకటాల దగ్గర నిలబడితే ఎదుట గోడ తప్ప ఇంకో మనిషి ముఖం కనపడదు. గడియ పెట్టిన తీరు చూడాల్సిందే. తలుపుకు కాకుండా పక్క గోడలో గుంత చేసి లోపలికి పెట్టారు. కటకటాల్లోంచి చెయ్యి ఎంత చాచినా అందదు. కట్టినవాడి తెలివికి మెచ్చుకోబోయి నోరు మూసుకున్నాను.

గదిలోకి వెళ్ళి నిలబడ్డాను. పదమూడున్నర అడుగుల పొడవు, ఏడున్నర వెడల్పు. పైన గాలికొక కిటికీ. పగలంతా గానుగకు మనిషిని కట్టి రోజుకు ముప్ఫై పౌండ్ల కొబ్బరినూనె తీయించేవారు, లేదా కొబ్బరి డొక్కలు కొట్టించి పీచు తీయించేవారు. ఉద్దానం నుంచి వచ్చినవాళ్ళు ఈ రెండో పని బొమ్మ దగ్గర ఎక్కువసేపు ఆగుతారు. కవిటి, కంచిలి వైపు పీచు కొట్టడం ఇంటి పని. అరచేతులు ఎలా అవుతాయో వాళ్ళకు ఎవరూ వివరించక్కర్లేదు.

మన వైపు వాళ్ళు ఇక్కడికి కూలీలుగా రావడం తరవాతి కథ. మొదట వచ్చింది ఖైదీలుగానే. 1879 రంప పితూరీలో పట్టుబడినవాళ్ళలో కొందరిని అండమాన్ పంపారు. 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీసు స్టేషను మీద దాడితో అల్లూరి సీతారామరాజు మొదలుపెట్టిన మన్యం పోరాటంలో ఆయన కుడిభుజాలు గాం గంటందొర, గాం మల్లుదొర. గంటందొర పోరులో పోయాడు. మల్లుదొర పట్టుబడి ద్వీపాంతరం పాలయ్యాడు. ఈ జైలు చూశాడు, బతికి తిరిగొచ్చాడు. 1952లో దేశంలో జరిగిన మొదటి సార్వత్రిక ఎన్నికల్లో విశాఖపట్నం నుంచి గెలిచి లోక్‌సభలో కూర్చున్నాడు. కాళ్ళకు సంకెళ్ళతో ఓడెక్కించిన మనిషిని ముప్ఫై ఏళ్ళు తిరగకుండా జనం పార్లమెంటుకు పంపారు. సావర్కర్ ఉన్న గది ముందు క్యూ ఉంటుంది, ఉండాల్సిందే. మల్లుదొర పేరు చెప్పిన గైడు మాత్రం నాకు తగల్లేదు. నేనే అడిగితే, ‘ఎవరాయన?’ అని ఎదురడిగాడు. తెలుగు గైడే.

నిరాహార దీక్షల చరిత్ర వేరే పెద్ద కథ. 1933లో మహావీర్ సింగ్‌తో పాటు మోహన్ కిశోర్ నామదాస్, మోహిత్ మైత్రా చనిపోయారు. బలవంతంగా గొట్టంతో పాలు పోసే ప్రయత్నంలో. 1937లో మళ్ళీ దీక్ష, దేశమంతా గొడవ. దాంతో రాజకీయ ఖైదీలను తిరిగి పంపేశారు.

జపాన్ కాలం గురించి జైలు పెద్దగా మాట్లాడదు. 1943 డిసెంబరు 30న సుభాష్ చంద్ర బోస్ పోర్ట్ బ్లెయిర్ జింఖానా మైదానంలో మువ్వన్నెల జెండా ఎగరేశాడు. ఆ రోజున ఇదే జైల్లో డాక్టర్ దీవాన్ సింగ్ అనే పంజాబీ కవి, వైద్యుడు జపాన్ వాళ్ళ చిత్రహింసల్లో ఉన్నాడు. రెండు వారాలకు, 1944 జనవరి 14న, చనిపోయాడు. అదే నెల 30న హంఫ్రీగంజ్‌లో గూఢచారులనే నెపంతో 44 మందిని కాల్చి చంపారు. బోసుకు ఇవేవీ తెలియనివ్వలేదని చాలామంది చరిత్రకారుల అభిప్రాయం. జెండా నిజం, జైల్లో మనిషి నిజం. రెంటినీ ఒకే గోడ మీద రాయడానికి మనకు ఇంకా ధైర్యం చాలలేదు.

ఏడు రెక్కల్లో ఇప్పుడు మిగిలినవి మూడే. పడగొట్టినచోట 1963లో గోవింద్ వల్లభ్ పంత్ ఆసుపత్రి వచ్చింది. 1979 ఫిబ్రవరి 11న మొరార్జీ దేశాయి జైలును జాతీయ స్మారకంగా ప్రకటించారు. ఉరికంబం ఉన్న ఆవరణ గోడ అవతల ఇప్పుడు పిల్లలు పుడుతున్నారు, మన మేస్త్రీల పిల్లలు కూడా. సాయంత్రం కాంతి-ధ్వని ప్రదర్శన హిందీలో, ఇంగ్లీషులో. బాగానే ఉంటుంది, కాస్త గొంతు ఎక్కువ.

జంగ్లీఘాట్

ప్యాకేజీ టూరులో లేని చోటు ఇది. చేపల బజారు. తెల్లారేసరికి పడవలు వచ్చేస్తాయి. సూరలు, కోనాలు, వంజరాలు బండల మీద పరుచుకుంటాయి. బేరం హిందీలో మొదలై తెలుగులో తెగుతుంది. స్వాతంత్ర్యం వచ్చాక తూర్పు పాకిస్తాన్ నుంచి వచ్చిన బెంగాలీ కుటుంబాలకు ప్రభుత్వం 1949 నుంచి భూములిచ్చి ఇక్కడ స్థిరపరిచింది. వాళ్ళు వరి పండించారు. సముద్రంలోకి వెళ్ళే పని మన తీరపు మత్స్యకారుల చేతికొచ్చింది. ఒకరి వెంట ఒకరు, ఒక ఇంటి వెంట ఇంకో ఇల్లు. తరవాత తాపీవాళ్ళు, వడ్రంగులు, రేవు కూలీలు, చిన్న దుకాణాలు, టిఫిను బళ్ళు.

చేపలు కోస్తున్న ఒకామెను పలకరించాను.

“ఏ ఊరు అప్పా మనది?”

“కళింగపట్నం పక్క. మీదో?”

“కోటబొమ్మాళి.”

కత్తి ఆగింది. “కొత్తమ్మ తల్లి జాతరకి సిన్నప్పుడు మా అయ్య తీసుకెళ్ళినాడు. ఇప్పటికీ అలాగే సేత్తన్నారేటి?”

చేస్తున్నారనీ, ఇంకా పెద్దగా చేస్తున్నారనీ చెప్పాను. పిల్లలు తెలుగు మాట్లాడతారా అని అడిగాను.

“నాతోటి తెలుగే. ఆలలో ఆలు హిందీయే బావూ. బళ్ళో ఇంగిలీసు.”

దీవుల్లో తెలుగు మాధ్యమంలో చదువు చెప్పే ప్రభుత్వ బళ్ళున్నాయి. మన రాష్ట్రంలోనే తెలుగు మాధ్యమం నిలబెట్టుకోడానికి తంటాలు పడుతుంటే, సముద్రం అవతల తెలుగు బడి బోర్డు చూడటం ఎంత హాయి! కానీ ఆ బళ్ళలో పిల్లల్ని చేర్పించేవాళ్ళు తగ్గిపోతున్నారని అక్కడి పెద్దలే చెబుతున్నారు. తీరం మారినా తల్లిదండ్రుల ఆలోచన మారలేదు. ఆంధ్రా అసోసియేషన్ ఉంది, ఉగాది, సంక్రాంతి జరుగుతాయి.

ఊరి రాజకీయంలో కూడా మనవాళ్ళ లెక్క ఉంది. 2022 మునిసిపల్ ఎన్నికల్లో 24 వార్డుల్లో తెలుగుదేశం రెండు గెలిచింది. కాంగ్రెసుకీ బీజేపీకీ చెరి పది. దాంతో ఆ రెండే కీలకమయ్యాయి. 2023 మార్చిలో బీజేపీ మద్దతుతో తెలుగుదేశం సభ్యురాలు ఎస్. సెల్వి మునిసిపల్ ఛైర్‌పర్సన్ అయ్యారు. తెలుగు పార్టీ, తమిళ పేరు. పోర్ట్ బ్లెయిర్ అంటే ఇంతే. ఖైదీల వారసులైన ‘లోకల్ బోర్న్’ కుటుంబాల్లో కులం, మతం, ప్రాంతం ఎప్పుడో కలగాపులగమైపోయాయి. జైలు నుంచి బయటికొచ్చిన మగవాళ్ళు, ఆడవాళ్ళు అక్కడే పెళ్ళాడి ఊరు కట్టుకున్నారు మరి.

వండూరు వైపు బస్సులో వెళుతుంటే సిప్పీఘాట్ దగ్గర ఒక దృశ్యం కనిపిస్తుంది. ఒకప్పటి వరిచేలు ఇప్పుడు ఉప్పునీటి కయ్యలు. ఎండిన చెట్ల మొండేలు నీళ్ళలో నిలబడి ఉంటాయి. 2004 డిసెంబరు 26 భూకంపంలో నేలే ఇక్కడ సుమారు మీటరు కిందికి దిగింది. సునామీ వచ్చి వెళ్ళిపోయింది, సముద్రం మాత్రం వెనక్కి పోలేదు. బస్సులో పక్కన కూర్చున్న గరచర్మ కుర్రాడు, ‘మా తాత పొలం ఆ నీళ్ళ కిందే’ అని వేలు చూపించాడు, మన ఊళ్ళో చెరువు చూపించినంత మామూలుగా.

వెళ్ళాలనుకునేవాళ్ళకు రెండు మాటలు. నవంబరు నుంచి ఫిబ్రవరి మంచి కాలం. జైలుకు ఒక పూట, రాస్‌కు ఒక పూట ఇవ్వండి. చాథమ్ రంపపు మిల్లు తప్పక చూడండి. 1883 నుంచి నడుస్తోంది, లోపల యుద్ధకాలపు బాంబు గుంత ఉంది, ఎర్రటి పడౌక్ కలప వాసన చాలాసేపు వెంట వస్తుంది. జరావా ఆదివాసుల అడవి దారిలో ఫొటోలు తీయడం నేరం. తీయకండి, తీసేవాళ్ళని ఆపండి. తిండికి బెంగ లేదు. అబర్డీన్ బజారులో పప్పుచారు దొరుకుతుంది.

తిరిగి వచ్చేటప్పుడు నేను విమానమే ఎక్కాను, చెన్నై మీదుగా. గవ్వ ఆకారంలో కట్టిన కొత్త టెర్మినల్ 2023 జులై నుంచి నడుస్తోంది. అద్దాల్లోంచి చూస్తే ఓడలో కనిపించిన ముఖాలు ఒక్కటీ కనిపించలేదు. మేస్త్రీ చెప్పిన రోడ్లు, మేడలు మాత్రం కింద కనిపించాయి.

కేంద్ర పౌర విమానయాన శాఖ 2024 జూన్ నుంచి మన ఎంపీ కింజరాపు రామ్మోహన్ నాయుడు చేతిలో ఉంది. ఆయనది మన కోటబొమ్మాళి మండలం నిమ్మాడ. ఆయన ఊరి చుట్టుపక్కల ఎంతమంది ఆ దీవుల్లో ఉన్నారో ఆయనకు ఒకరు చెప్పాల్సిన పని లేదు. అడగాల్సింది మాత్రం మనమే. విశాఖ ఓడ నెలకొకటి చాలదు, రెండైనా కావాలి. వాటి తేదీలు పెళ్ళి ముహూర్తాలు పెట్టుకోడానికి వీలుగా ముందే తెలియాలి. విశాఖ నుంచి నేరుగా వెళ్ళే విమానం సీజన్ దాకా ఉండి మాయం కాకుండా, ఏడాది పొడవునా కూలివాడికి అందే చార్జీతో నిలవాలి. భోగాపురం విమానాశ్రయానికి అల్లూరి సీతారామరాజు పేరు పెట్టారు. అక్కడి నుంచి పోర్ట్ బ్లెయిర్‌కు విమానం నడవాలి. ఆ జైల్లో మల్లుదొర పేరు తెలుగులో రాసిన ఒక ఫలకం ఉండాలి. ఈ నాలుగూ రాసి, మీ ఇంట్లోంచి ఎవరైనా దీవుల్లో ఉంటే వాళ్ళ పేరూ ఊరూ జతచేసి, నిమ్మాడకు ఒక ఉత్తరం పంపండి. బస్సులో పావుగంట ప్రయాణం, చేతికే ఇచ్చి రావచ్చు.